వావిలాకు తలగడ

మొన్నామధ్య మా ఆవిడ కరివేపాకు మొక్క కావాలంటే బెజవాడ దాటి హైవే పక్కనున్న నర్సరీకి వెళ్ళాం. ఉద్యోగం అయిపోయిన మగవాడికి ఇలాంటి పనులే దొరుకుతాయి, దొరికినందుకు సంతోషించాలి కూడా. అక్కడ నీడ వల కింద, ఎడారి గులాబీల వరస పక్కన, నల్ల ప్లాస్టిక్ కుండీలో నడుమెత్తు మొక్క ఒకటి నిలబడి ఉంది. అరచెయ్యి చాపినట్టు ఐదేసి రేకల ఆకులు, ఆకు అడుగున బూడిద రంగు నూగు, కొసన సన్నటి నీలిపూల గుత్తి. కొమ్మకి ఒక చీటీ వేలాడుతోంది: చైనీస్ చేస్ట్ ట్రీ. "మీకు తెలిసుండదు సార్, ఇది చైనా మొక్క. వాళ్ళు దగ్గుకీ తలనొప్పికీ మందుల్లో వాడతారు" అని నర్సరీ యజమాని ఎంతో ఓర్పుగా వివరించి, ధర చెప్పాడు. మా ఆవిడ నా వైపు చూసింది, నేను ఆవిడ వైపు చూశాను, ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆయన నొచ్చుకున్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు పెద్దలు. కాలవ గట్టు మీద మేకలు కూడా ముట్టని వావిలి, మెడలో చైనా చీటీ కట్టుకుని కుండీ ఎక్కేసరికి దొరసాని అయిపోయింది. ఒక ఆకు తుంపి నలిపి వాసన చూశాను. కొంచెం కర్పూరం, కొంచెం మిరియం కలిసినట్టుండే ఆ ఘాటు ముక్కుకి తగలగానే, న్యాయంగా అయితే నాకు కాలవ గట్టు గుర్తుకు రావాలి. రాలేదు. దోహా విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ళ బల్ల గుర్తుకొచ్చింది.

తొంభైల నడిమి సంగతి అది. నేను దోహాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో ఎలక్ట్రికల్ ఇంజనీర్ని. ఫరీజ్ బిన్ మహమూద్‌లో రెండు గదుల ఫ్లాటు. కింద కిరాణా కొట్టు, దాని పక్కన దర్జీ, ఎదురుగా ఇస్త్రీ దుకాణం. కిటికీలో ఏసీ రోదకి మేం ఎంతగా అలవాటు పడిపోయామంటే, అది మోగితే నిద్రపోయేవాళ్ళం, ఆగితే ఉలిక్కిపడి లేచేవాళ్ళం. శుక్రవారం సెలవు. ఆ పూట అల్ వక్రా వెళ్ళి పడవల దగ్గర చేపలు కొని, సముద్రపు గాలికి కాసేపు నిలబడి, ఆ గాలి కూడా వేడిగానే ఉందని తిట్టుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళం. పెళ్ళయిన నాలుగేళ్ళకి మా ఆవిడ కడుపుతో ఉంది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్నది మా వైపు శాసనం. ఏడో నెలలో పంపుదామని టిక్కెట్టు కూడా చూశాను. ఇంతలో రక్తపోటు ఎక్కువగా ఉంది, విమానం ఎక్కడానికి వీల్లేదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. పిల్ల పుట్టింటికి వెళ్ళలేకపోతే పుట్టిల్లే పిల్ల దగ్గరికి రావాలి. మామగారేమో నాట్లు వదిలి కదలనన్నారు. అలా మా అత్తగారు, బందరు దాటి ఎరగని మనిషి, బొంబాయిలో విమానం మారి ఒంటరిగా దోహా రావడానికి సిద్ధపడ్డారు.

ఇక్కడ మా అత్తగారి గురించి ఒక సంగతి చెప్పాలి. ఆ నాలుగేళ్ళలో ఆవిడ నాతో నేరుగా ఒక్క మాటైనా మాట్లాడలేదు. కోపం కాదు, మర్యాద. వాళ్ళ ఇంటి పద్ధతిలో అత్తగారు అల్లుడి ఎదట పడకూడదు, పడినా కూర్చోకూడదు, కూర్చున్నా మాట్లాడకూడదు. చెప్పవలసింది ఏమైనా ఉంటే మా ఆవిడతో చెప్పించేవారు. మా ఆవిడ దగ్గర్లో లేకపోతే వస్తువులతో చెప్పేవారు. "స్నానానికి నీళ్ళు తోడి ఉన్నాయి" అని గడపతో అనేవారు. "పెరుగు ఇంకొంచెం వేసుకోవచ్చు" అని గిన్నెతో అనేవారు. నేనూ ఆ ఆటకి అలవాటు పడి, "చాలు" అని గిన్నెకే జవాబు చెప్పేవాణ్ణి. మా ఆవిడ చాటున కడుపుబ్బ నవ్వేది. ఇదంతా సరదాగానే ఉండేది. దీనివల్ల ఎవరికైనా ముప్పు రాగలదని నాకు కల్లో కూడా తోచలేదు.

ప్రయాణానికి ముందు మా ఆవిడ చేత ఫోనులో ఒకటికి పదిసార్లు చెప్పించాను, గసగసాలు మాత్రం తేవద్దని. నల్లమందు మొక్క గింజలని గల్ఫులో గసగసాలు నిషేధం. తెలియక మసాలాపొడిలో కలిపి తెచ్చుకుని చిక్కుల్లో పడ్డవాళ్ళ కథలు మా కంపెనీ క్యాంపులో ఒకరి నుంచి ఒకరికి నడిచేవి. "గసగసాలు లేని కూర ఏం కూర" అని అవతల నుంచి సణుగుడు వినబడింది కాని, ఒప్పుకున్నారు. మిగతా సామాను ఏమిటని నేను అడగలేదు. అడిగినా చెప్పేవారు కాదు. బాలింతకి ఏం కావాలన్నది పూర్తిగా ఆడవాళ్ళ రాజ్యం. మా ఇంట్లో పురుడు వచ్చిందంటే మగవాళ్ళంతా వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చోవడమే. లోపల్నుంచి పొగ, ఆవిరి, ఏవో ఆకుల ఘాటు బయటికి వచ్చేవి. ఏమిటని అడిగితే "నీకెందుకురా" అనేవారు. నాకెందుకులే అని నేనూ ఊరుకున్నాను. ఏటా వినాయక చవితికి పుస్తకం చూసి "సింధువార పత్రం పూజయామి" అని మాత్రం గట్టిగా చదివేవాణ్ణి. దోహాలో ఆ పత్రి ఎక్కడ దొరుకుతుంది, కొత్తిమీర కట్టలోంచి నాలుగు రెమ్మలు తుంపి వేసేవాణ్ణి. సింధువారమంటే వావిలేనని అప్పటికి నాకు తెలియదు. దేవుడికి పేరు పెట్టి సమర్పించిన ఆకే కళ్ళెదట పెడితే ఆనవాలు పట్టలేని భక్తి నాది.

విమానం సాయంత్రం దిగింది. అట్టపెట్టెలకి నైలాను తాళ్ళు బిగించుకుని, చేతిలో వీసా కాగితం పట్టుకుని కంపెనీ మనిషి కోసం బిక్కముఖాలతో వెతుక్కునేవాళ్ళు, సెలవులు అయిపోయి తిరిగొస్తూ అప్పుడే ఇంటి మీద బెంగ పెట్టుకున్నవాళ్ళు, అందరూ బయటికి వచ్చేశారు. మా అత్తగారు రాలేదు. తరవాతి విమానం వాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. చివరికి లోపల్నుంచి ఒక పోలీసు, నా పేరున్న విజిట్ వీసా కాగితం పట్టుకుని వచ్చి అటూ ఇటూ చూశాడు. నేను చెయ్యెత్తాను. "తాల్" అన్నాడు. అంటే రమ్మని.

లోపల పొడవాటి స్టీలు బల్ల వెనక ఒక యువ అధికారి నిలబడి ఉన్నాడు. ముందు మా అత్తగారు, నేత చీర కొంగు భుజాల నిండా కప్పుకుని, ఈ ప్రయాణం కోసం కొన్న కొత్త చెప్పులతో. నన్ను చూడగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం అలవాటు కొద్దీ ముఖం పక్కకి తిప్పుకున్నారు. బల్ల మీద ఆవిడ పెట్టె మొత్తం పరిచి ఉంది. శొంఠి పొడి, పిప్పళ్ళ పొడి, గాజు సీసాలో నల్లగా జిగటగా బాలింత కాయం, సాంబ్రాణి గడ్డలు, గుడ్డలో చుట్టిన వసకొమ్ము. ఆ అధికారి కళ్ళతో చూస్తే లోకంలో ఉన్న మత్తుపదార్థాలన్నిటికీ తలా ఒక నమూనా అక్కడ ఉంది. వాటన్నిటి మధ్యా ఒక తలగడ. తెల్ల గలీబు, నాలుగు వైపులా దగ్గర దగ్గరగా చేతికుట్టు. దుబాయ్ విమానంలో పెట్టెలు తూకం వేస్తారు గాని చేతిలో తలగడని వెయ్యరని ఊళ్ళో ఎవరో గల్ఫు వెళ్ళొచ్చినవాళ్ళు సలహా చెప్పారట. వాళ్ళ దృష్టిలో దోహా కూడా దుబాయే. ఆవిడ బొంబాయి నుంచి దాని మీదే తలపెట్టుకుని పడుకుని వచ్చారు. ఇప్పుడు దాని ఒక మూల కుట్టు తెగి, ఎండిన ఆకులు బల్ల మీదికి రాలి ఉన్నాయి.

అధికారి ఒక ఆకుని జాగ్రత్తగా వేళ్ళతో విప్పి, నా ముందు పరిచాడు. సన్నగా పొడుగ్గా ఐదు రేకలు. నేను గంజాయి ఎన్నడూ చూసినవాణ్ణి కాదు. దాని బొమ్మ మాత్రం చూశాను. మా కంపెనీ నోటీసు బోర్డులోనే ఉండేది, కింద ఎర్ర అక్షరాల్లో హెచ్చరికతో. బల్ల మీది ఆకు అచ్చం ఆ బొమ్మే. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"క్యా హై యే?" అన్నాడు అధికారి. మన మొహం చూస్తే వాళ్ళకి ఉర్దూ వచ్చేస్తుంది.

నేను మా అత్తగారి వైపు తిరిగి "ఇదేమిటో అడుగుతున్నారండీ" అన్నాను.

ఆవిడ మధ్యవర్తి కోసం చుట్టూ చూశారు. అక్కడ గడప లేదు, గిన్నె లేదు. సామాన్ల ట్రాలీ ఉంది. "అది అమ్మాయి కోసం" అని ట్రాలీతో అన్నారు.

"అమ్మాయికి దేనికండీ?"

"అమ్మాయికి తెలుసు."

"తనకి తెలిస్తే చాలదండీ. ఇప్పుడు నేను చెప్పాలి వీళ్ళకి."

"అయ్యో, అవన్నీ అల్లుడుగారితో అనే మాటలా" అన్నారు ఆవిడ, ట్రాలీ చువ్వని రెండు చేతులా పట్టుకుని. చెవులు ఎర్రబడ్డాయి.

ఇంట్లో వాడకానికట అని నేను అధికారికి ఇంగ్లీషులో చెప్పాను. ఏం వాడకం అన్నాడు. తెలియదన్నాను. ఈవిడ మీకేమవుతుంది అన్నాడు. నా భార్యకి తల్లి అన్నాను. మీ ఇంటికి తెచ్చిన వస్తువు ఏమిటో మీకు చెప్పదా అన్నాడు. చెప్పదన్నాను. అది నిజం. కాని ఆ నిజాన్ని నా నోటితో నేనే వింటే నాకే నమ్మబుద్ధి కాలేదు. అతను రెండు వేళ్ళు పెదాల దగ్గర పెట్టి, పొగ పీల్చే దానికా అన్నట్టు సైగ చేసి మా అత్తగారి వైపు చూశాడు. ఆవిడ ఆ సైగలో పొగ ఒక్కటే అర్థం చేసుకున్నారు. "ఆఁ, పొగ కూడా వేస్తాం. దోమలు రావు" అని ట్రాలీతో చెప్పి, తల గట్టిగా ఊపారు. దోమల సంగతి తెలుగులో ఉండిపోయింది. తల ఊపడం మాత్రం అన్ని భాషల్లోకీ వెళ్ళింది. సిగ్గుపడే మనిషి నిజం చెప్పినా తప్పు చేసినవాడిలాగే కనిపిస్తాడు. అధికారి ఆవిడ పాస్‌పోర్టూ నా గుర్తింపు కార్డూ తీసి జేబులో పెట్టుకుని, పెద్ద అధికారికి కబురు పంపాడు. పాపం, అతని తప్పేమీ లేదు. అతని స్థానంలో నేనున్నా అదే పని చేసేవాణ్ణి.

గోరుచుట్టు మీద రోకటిపోటులా అప్పుడే పక్క బల్ల దగ్గర్నుంచి ఒక పెద్దాయన లేచొచ్చాడు. చైనా మనిషి, ఏదో కంపెనీ క్యాంపులో వంటకి వచ్చాడట, సన్నగా, దగ్గుతూ. ఆయన సంచీ కూడా మా పెట్టెలాగే బల్ల మీద బోర్లించి ఉంది. ఎండిన వేళ్ళు, తొక్కలు, గింజలు, కాగితం పొట్లాలు. మా తలగడ వాసన ఆయన దాకా వెళ్ళినట్టుంది. వచ్చి, వంగి, కళ్ళు మూసుకుని గాలి పీల్చి, ముఖమంతా నవ్వాడు. తన గుండె మీద తట్టుకున్నాడు, రెండుసార్లు దగ్గి చూపించాడు, కణతలు నొక్కుకున్నాడు, గిన్నెలో మరగబెట్టి తాగినట్టు అభినయించాడు. ఆ ఆకు మందు అని మా తరఫున సాక్ష్యం చెబుతున్నాడన్నమాట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు కదా, యువ అధికారి ఆయన్నీ మా అత్తగారినీ మార్చి మార్చి చూసి, "ఈయన మీకు తెలుసా?" అన్నాడు నాతో. తెలియదన్నాను. "మీ తలగడ ఆయనకి తెలుసే" అన్నాడు. దాంతో ఒక దేశం కాస్తా రెండు దేశాల ముఠా అయింది. పెద్దాయన్ని తెచ్చి మా పక్కనే కూర్చోబెట్టారు.

ఇంటికి ఒక్క ఫోన్ చేసుకోనిమ్మని బతిమాలాను. నా భార్యని అడిగితే నిమిషంలో తేలిపోతుందన్నాను. ఒప్పుకున్నారు. ఫోన్ మోగింది. మోగుతూనే ఉంది. మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. నెలలు నిండిన మనిషి ఇంట్లో ఒక్కతీ ఉండి ఫోన్ ఎత్తకపోతే మొగుడికి తోచే ఆలోచన ఒక్కటే. నొప్పులు మొదలయ్యాయా, పడిపోయిందా, ఎవరినైనా పిలవగలిగిందా. ఆ ఆకు గంజాయి అని తేలితే జైలు, కాకపోయినా నాలుగు రోజులు మమ్మల్ని ఉంచేస్తే అవతల మా ఆవిడకి తల్లీ ఉండదు, మొగుడూ ఉండడు. ఉద్యోగం, వీసా, అన్నీ ఆ తరవాతి సంగతులు. నేను రిసీవర్ పెట్టేసి నిలబడ్డాను. ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఎత్తలేదా?" అన్నారు మా అత్తగారు. ఈసారి కూడా ట్రాలీతోనే.

"లేదండీ" అన్నాను.

ఆవిడ బల్ల మీద ఆకుల్నీ, నా ముఖాన్నీ చూశారు. నా ముఖాన్ని ఆవిడ నేరుగా చూడడం బహుశా అదే మొదలు.

ఆడవాళ్ళని సోదా చేసే అధికారిణి అప్పుడు వచ్చింది. నల్లటి అబాయాలో, నడివయసు దాటిన, బరువైన మనిషి. మా అత్తగారిని చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్ళింది. తెర పడిందో లేదో లోపల్నుంచి ఒక గొంతు లేచింది. ఎవరిదా అని ఒక క్షణం ఆశ్చర్యపోయాను. నాలుగేళ్ళుగా గడపలతో గొణిగిన గొంతు అది కాదు. కాలవకి ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి కూలీల్ని పిలిచే గొంతు.

"ఇదిగో అమ్మా, ఇట్టా చూడు. మా పిల్ల. కడుపు. ఇంత. ఇవాళో రేపో నీళ్ళాడుద్ది. ఆ తరవాత నడుం నిలవాలా వద్దా? ఆకు వేసి నీళ్ళు కాచి, సలసలా మరిగాక, నడుం మీద ఇట్టా కొట్టాలి చెంబుతో. ఇట్టా. నీకు ఎవరూ పొయ్యలేదా? నీకూ పిల్లలుండే ఉంటారుగా. ఇవన్నీ నేను అల్లుడుగారి ముందు ఎట్టా చెప్పను, నువ్వే చెప్పమ్మా."

అధికారిణికి తెలుగు రాదు. "బేబీ?" అంది. "ఆఁ, బేబీ, బేబీ" అన్నారు మా అత్తగారు. ఆ తరవాత చెంబుతో నీళ్ళు పోస్తున్నట్టు చెయ్యి విసిరిన చప్పుడు, గాజుల చప్పుడు, ఉన్నట్టుండి ఇద్దరాడవాళ్ళు నవ్విన చప్పుడు. నాకు ఒక్క దెబ్బకి రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఆ ఆకు బాలింత స్నానానికి. రెండు, మా అత్తగారికి గొంతుంది.

నేను గబగబా యువ అధికారికి విషయం చెప్పాను. "ఇందాక తెలియదన్నారు, ఇప్పుడెలా తెలిసింది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఇంతలో అధికారిణి బయటికి వచ్చి, అప్పుడే వచ్చిన పెద్ద అధికారితో అరబ్బీలో చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి తన నడుం మీద చెయ్యి వేసుకుని చూపించింది. ఆయన గడ్డం దువ్వుకుంటూ విన్నాడు. తరవాత చిన్న గాజు గొట్టం తెప్పించి, ఆకు నలిపి అందులో వేసి, ఏవో సీసాల్లోంచి చుక్కలు వేశాడు. ఊదారంగు తిరిగితే అదే, తిరగకపోతే కాదు అని యువ అధికారి నాతో మెల్లగా అన్నాడు. అందరం ఆ గొట్టం చుట్టూ చేరాం. మా అత్తగారు, అధికారిణి, చివరికి ఆ చైనా పెద్దాయన కూడా దగ్గు ఆపుకుని మెడ చాచాడు. నీళ్ళు లేత పచ్చగా మారాయి. తరవాత ముదురు పచ్చగా మారాయి. నేను నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను, సింధువార పత్రం అందుకునే వినాయకుడితో సహా. నీళ్ళు ఆ పచ్చ దగ్గరే ఆగిపోయాయి. ఊదా రాలేదు.

"మాఫీ" అన్నాడు పెద్ద అధికారి. లేదు అని అర్థం. ఆ మాట నేను ఆ దేశంలో రోజూ వినేవాణ్ణి. సెలవు మాఫీ, ఓవర్‌టైమ్ మాఫీ, సైట్లో మంచినీళ్ళు మాఫీ. అంత తియ్యగా మాత్రం ఎన్నడూ వినబడలేదు. మా మధ్యవర్తి అయిన ఆ ట్రాలీ మీదే కూలబడ్డాను. పాస్‌పోర్టూ కార్డూ తిరిగొచ్చాయి. ఫోన్ మళ్ళీ ఇచ్చారు. ఈసారి బుర్ర పనిచేసి, మా పై అంతస్తులో ఉండే హైదరాబాదు అక్కయ్య ఇంటికి చేశాను. "మీ ఇంటామె మా తాననే ఉన్నది తమ్మీ. మీ ఏసీ ఖరాబైతే పైకొచ్చింది. పల్లీలు తినుకుంట టీవీ చూస్తున్నది. మీరు యాడున్నరు ఇంకా?" అంది ఆవిడ. నాకు ఏడుపు, నవ్వు కలిసొచ్చాయి. తల్లి ఎయిర్‌పోర్టులో ముఠా నాయకురాలై కూర్చుంటే, కూతురు పల్లీలు తింటోంది. ఆ మాటే మా అత్తగారికి చెప్పాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అది చిన్నప్పటి నుంచీ అంతే" అన్నారు.

సామాను సర్దుకుంటున్నాం. చైనా పెద్దాయన పొట్లాలు కూడా తిరిగి ఇచ్చేశారు. ఆయన మళ్ళీ దగ్గు మొదలుపెట్టాడు.

"ఆ పెద్దాయనకి దగ్గు గట్టిగా ఉంది. గుప్పెడు ఆకు ఇవ్వండి."

నేను ఎవరితో అంటున్నారా అని వెనక్కి చూశాను. అధికారిణి వెళ్ళిపోయింది. ట్రాలీ అటు పక్కన ఉంది.

"మీతోనేనండీ" అన్నారు మా అత్తగారు, నా కళ్ళలోకి చూస్తూ.

నేను గుప్పెడు కాదు, రెండు దోసిళ్ళు ఇచ్చాను. పెద్దాయన వంగి తీసుకుని, తన పొట్లాల్లో ఒకటి విప్పి, మిరియాల కన్నా చిన్నవి, బూడిద రంగు గింజలు కొన్ని మా అత్తగారి చేతిలో పోశాడు. ఆవిడ ఒకటి గోటితో చిదిపి వాసన చూశారు. "ఇవి మన వావిలి గింజలేనండీ. మనం ఆకు ఎండబెడతాం, వీళ్ళు గింజ ఎండబెట్టుకుంటారు కాబోలు" అన్నారు. వావిలి అన్న పేరు ఆవిడ నోటి నుంచి నేను వినడం అదే మొదటిసారి. ఇద్దరూ ఒకరికొకరు దణ్ణాలు పెట్టుకున్నారు. ఆయన కంపెనీ బండి వైపు వెళ్ళాడు, మేం మా కారు వైపు వెళ్ళాం.

కారులో ఆవిడ వెనక సీట్లో కూర్చున్నారు, అంతవరకు మర్యాద మిగిలింది. మాటలు మాత్రం ఆగలేదు. ఈ ఊళ్ళో కాలవలు లేవా, లేకపోతే వీళ్ళు ఏం తింటారు, ఈ దీపాలన్నీ రాత్రంతా వెలుగుతాయా, అమ్మాయి కాళ్ళు వాచాయా, నేను ఆఫీసుకి అన్నం పట్టుకెళ్తున్నానా లేక ఆ బ్రెడ్డు ముక్కలేనా. ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పాను. చెబుతూ చెబుతూ మా సందు మలుపు దాటిపోయి, మళ్ళీ చుట్టు తిరిగి రావలసి వచ్చింది.

ఆ వారంలోనే మా అమ్మాయి పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఆస్పత్రి నుంచి వచ్చాక మా స్నానాలగది రాజ్యం మారింది. పెద్ద గిన్నెలో ఆకు తేలుతూ నీళ్ళు మరిగేవి. ఆ ఘాటు తలుపుల కింద నుంచి మెట్ల మీదికి పాకేది. పై అంతస్తు అక్కయ్య వాసన పట్టుకుని దిగొచ్చి, "వావిలాకా? గీ దేశానికెట్ల తెచ్చిన్రమ్మా?" అని నోరు తెరిచింది. ఆ గిన్నె మోసే పని నాకే అప్పగించారు. మా ఇంట అంతకుముందు ఏ మగవాడికీ దక్కని గౌరవం అది. "గుమ్మంలో పెట్టి వెళ్ళిపోండి" అనేవారు మా అత్తగారు, నాతోనే, గుమ్మంతో కాదు. మా ఆవిడ ఇప్పటికీ నడుం నొప్పి ఎరగదు. అది వావిలి గొప్పో, చెంబుతో కొట్టిన చేతి గొప్పో నేను చెప్పలేను. మిగిలిన ఆకుని తిరిగి తలగడలో కుట్టి, తలనొప్పి వచ్చినప్పుడు పడుకోమని నాకిచ్చి వెళ్ళారు. ఆ దేశంలో ఉన్నన్నాళ్ళూ అది నా తల కిందే ఉంది.

నర్సరీలో ఆ చైనా మొక్క కొనలేదు. కరివేపాకు మాత్రం తెచ్చుకున్నాం. ఇంటికి రాగానే మా అత్తగారికి ఫోన్ చేశాను. ఎనభై దాటారు, చెవులు కాస్త మందగించాయి, గొంతు మాత్రం ఆనాడు తెర వెనక విన్నదే. వావిలిని ఇప్పుడు చైనా మొక్క అని కుండీలో పెట్టి అమ్ముతున్నారని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "ఆ పెద్దాయన దగ్గు తగ్గిందో లేదో పాపం. మళ్ళీ ఎక్కడైనా కనబడ్డాడా మీకు?" అన్నారు, నిన్న చూసిన మనిషి గురించి అడిగినట్టు. కనబడలేదండీ, తగ్గే ఉంటుందిలెండి అన్నాను. తగ్గాలి మరి అని ఒప్పుకుని, అక్కడి నుంచి కరివేపాకు మొక్కకి మజ్జిగ ఎప్పుడు పొయ్యాలో ఎత్తుకున్నారు, అది కాగానే నా మోకాళ్ళ సంగతి ఎత్తుకున్నారు. ఫోన్ చెవికి ఆనించి వింటూ కూర్చున్నాను. నాతో అనకుండా ఆవిడ దాచుకున్నది నాలుగేళ్ళ మాటలే, ముప్పై ఏళ్ళుగా చెబుతున్నా అవి ఇంకా అయిపోలేదు. మిగిలిన కాలంలోనూ అయిపోకుండా ఉంటే నాకదే చాలు.